టమాటకు, మిరపకు పుట్టినిల్లు

నేడు నేను తమతో ముచ్చటింపదలచిన విషయము రాజులను గూర్చినది కాదు, యుద్ధములను గూర్చినదియు కాదు. ఒక కూరను గూర్చినది. మెక్సికో దేశమున ఇంటింట వండుకొను టమాట, మిరపకాయల కూర అది. కూరకు చరిత్ర యేమిటని తాము నవ్వవచ్చును. కాని రాజుల చరిత్ర కోటగోడలమీద వ్రాయబడినట్లే ప్రజల చరిత్ర పొయ్యిమీద వ్రాయబడియుండును. కోటలు కూలినను పొయ్యి ఆరదు గదా!

ముందుగా మా యింటి సంగతి యొకటి చెప్పి, పిమ్మట మెక్సికో దేశమునకు పోయెదను.

నా బాల్యమున మా ముత్తాతగారి తద్దినమునాడు వంటయింట నాకొక వింత తోచుచుండెడిది. నిత్యము మా కూరలలో, పచ్చళ్ళలో, పులుసులలో మెండుగా పడు మిరపకాయ ఆ దినమున వంటయింటి గడప దాటి లోనికి వచ్చెడిది కాదు. టమాటయు వచ్చెడిది కాదు. బంగాళాదుంపయు వచ్చెడిది కాదు. మా నాయనమ్మ మడి కట్టుకొని, మిరియములు దంచి, అల్లము నూరి, ఆ కారముతోనే వంటలన్నియు ముగించెడిది. ఒకనాడు నేను గడప కీవల నిలిచి, "నాయనమ్మా, ఇవాళ మిరపకాయ వెయ్యవేం?" అని యడిగితిని. ఆమె వెనుదిరుగకయే, "అది మన కాయ కాదురా నాయనా. పైనుంచి వచ్చింది. మన పెద్దలు ఎరగరు. ఎరగనిది వాళ్ళకెట్లా పెడతాం?" అని చెప్పెను.

ఆ మాట అప్పుడు నాకు అర్థము కాలేదు. పెద్దవాడనై, చరిత్ర చదివి, ఆ తరువాత పాఠశాలలో చరిత్ర చెప్పుచుండగా ఒకనాడు తటాలున అర్థమైనది. మా నాయనమ్మకు అక్షరములు రావు. కొలంబసు పేరు ఆమె వినలేదు. అయినను మిరపకాయ ఈ దేశపు పంట కాదనియు, మన పూర్వులు దానిని చవిచూడలేదనియు ఆమె యెరుగును. గ్రంథములందు నేను వెదకి తెలిసికొన్న సత్యమును ఆమె వంటయింటి ఆచారమునుండి నేర్చుకొన్నది. తద్దినపు వంట అనునది పూర్వకాలపు వంటయింటిని నేటివరకు పదిలపరచిన యొక భాండాగారము.

ఇక ఆ కాయ యెచ్చటనుండి వచ్చినదో, అచ్చటివారు దానినెట్లు వండుకొందురో చూతము.

మెక్సికోవారి ఈ కూరను నేను మా యింట స్వయముగా చేసి చూచితిని. కష్టమేమియు లేదు. బాగుగా పండిన టమాటలు ఆరు, పచ్చిమిరపకాయలు మూడో నాలుగో, సగము ఉల్లిగడ్డ, పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలు రెండు తీసికొనవలెను. నూనె చుక్కయైన వేయక వట్టి పెనముమీద వీనినన్నిటిని పరచి, అప్పుడప్పుడు త్రిప్పుచు కాల్పవలెను. వెల్లుల్లి, మిరప ముందుగా కాలును, వానిని తీసివేయవలెను. టమాటలకు పది, పండ్రెండు నిమిషములు పట్టును. తోలు నల్లని మచ్చలు తేలి, పగిలి, లోని రసము బుడబుడలాడునప్పుడు దింపవలెను. వెల్లుల్లి పొట్టు తీసి, ఉప్పుతోను మిరపతోను కలిపి ముందు నూరవలెను. పిమ్మట ఉల్లి, చివరకు టమాట చేర్చి కచ్చాపచ్చాగా నూరవలెను. మూకుటిలో ఒక గరిటెడు నూనె బాగుగా కాచి, ఈ ముద్దను ఒక్కసారిగా పోయగా బుస్సుమని శబ్దము వచ్చును. మంట తగ్గించి, పది పదునైదు నిమిషములు ఉడుకనిచ్చి, చిక్కబడిన తరువాత కొత్తిమీర తుంచి వేసి దింపవలెను. అంతే.

వినుచున్న తమకు ఇది మన రోటిపచ్చడివలెనే తోచుచుండును. తోచుట సహజమే. కాని భేదము గమనింపుడు. ఇందు తాలింపు లేదు. ఆవాలు, మినపప్పు, ఇంగువ లేవు. చింతపండు లేదు. పసుపు లేదు. పులుపంతయు టమాటదే, కారమంతయు మిరపదే. మనము ఆ రెంటిని తెచ్చుకొని మన వంటలో కలుపుకొంటిమి. వారికి ఆ రెండే వంట. దీనిని వారు మొక్కజొన్న రొట్టెతోను, చిక్కుడు జాతి గింజలతోను, కోడిగ్రుడ్డుతోను తిందురు. నేను జొన్నరొట్టెతో తిని చూచితిని. బాగుగనే యున్నది.

వారి వంటయింటి పనిముట్లును మనకు క్రొత్తవి కావు. నల్లని అగ్నిపర్వత శిలతో తొలచిన మూడుకాళ్ళ రోలు వారికి కలదు; పేరు మొల్కహెటె. దానితో నూరుటకు ఒక రాతిబండ. మొక్కజొన్న నూరుటకు మన సన్నికల్లు వంటి వాలుబల్ల రాయి, పేరు మెటాటె. రొట్టెలు కాల్చుటకు మట్టిపెనము, పేరు కొమాల్. ఈ పేర్లన్నియు నహువాట్ల్ అను భాషనుండి పుట్టినవి. స్పానిష్‌వారు రాకపూర్వము మెక్సికో లోయను ఏలిన అజ్టెక్ జనుల భాష అది. నేటికిని పదిలక్షలకు పైబడిన ప్రజలు ఆ భాషను మాటలాడుచున్నారు.

టమాట అను మాటయు ఆ భాషదే. వారు 'టొమాట్ల్' అనిరి. గుండ్రని రసపు కాయలకెల్ల అది సామాన్యనామము. పలుచని ఆకువంటి తొడుగులో పెరుగు పచ్చని పుల్లకాయ యొకటి. నేడు మనమెరిగిన ఎర్రని పండు మరియొకటి. ఈ రెండవదానిని వారు 'షిటొమాట్ల్' అనిరి. మధ్య మెక్సికోలో ఇప్పటికిని ఎర్రదానిని 'హిటొమాటె' అనియే పిలుతురు. మిరపకాయకు వారిచ్చిన పేరు 'చిల్లి'. ఆంగ్లేయులు నేడు మిరపకాయను ఏ పేరున పిలుచుచున్నారో అది వారిదే. నూరి చేసిన పులుసుకు, పచ్చడికి పేరు 'మొల్లి'. మిరపతో చేసినచో 'చిల్‌మొల్లి'. నేడు మెక్సికోలో పెండ్లిండ్లకు, పండుగలకు వండు 'మోలె' అను చిక్కని పులుసు పేరున ఆ ప్రాచీనశబ్దము నిలిచియున్నది.

మిరపను మనుష్యుడు ఎప్పటినుండి తినుచున్నాడు? సుమారు 6,000 యేండ్లకు పూర్వమే అమెరికా ఖండమువారు దానిని వాడుచుండిరనుటకు త్రవ్వకములలో సాక్ష్యములు దొరకినవి. మెక్సికోలోని టెహువాకాన్ లోయ గుహలలో అతిప్రాచీనమైన మిరప అవశేషములు బయటపడినవి. మనము పండించు మిరపజాతికి మచ్చిక యైన తావు మెక్సికోయే. అడవిమిరప చిన్నదై, నిటారుగా నిలిచి, పండగనే రాలిపోవును. పక్షులు దానిని తిని గింజలను దూరముగా వెదజల్లును. వానికి కారము తెలియదు. ఎలుకలు మొదలగు జంతువులు మాత్రము ఆ మంటకు వెరచి ముట్టవు. కారము మొక్క తన గింజను కాచుకొనుటకు పెట్టుకొన్న కావలి యన్నమాట! ఆ కావలిని లెక్కచేయక, మంటనే రుచిగా చేసికొన్నవాడు మనుష్యుడు.

టమాట కథ వేరు. దాని పూర్వులగు అడవిజాతులు దక్షిణ అమెరికాలో పెరూ, ఈక్వడార్ దేశముల ప్రాంతమున పుట్టినవి. కాయ రేగుపండంతయైన ఉండదు. అవి ఉత్తరమునకు వ్యాపించి మెక్సికో చేరిన తరువాత అచ్చటి రైతులు తరతరములు గింజ నేరి, నాటి, మరల నేరి, అరచేతికి నిండు పండ్లను తయారుచేసిరి. ఆ రైతుల పేర్లు ఏ శాసనమునను లేవు. వారి శాసనము ఆ పండే.

1519వ సంవత్సరమున కొర్టెస్ అను స్పానిష్ సేనాని మెక్సికో తీరమున దిగెను. ఆనాడు అజ్టెక్ రాజధాని టెనోచ్‌టిట్లాన్ సరస్సు నడుమ వెలసిన మహానగరము. దానిని చేరియున్న ట్లటెలోల్కో అంగడిలో దినమునకు 60,000 మందికి పైగా జనులు క్రయవిక్రయములు చేయుచుండిరని కొర్టెస్ తన రాజునకు వ్రాసెను. ఆ అంగడిలో టమాట లమ్మువారు వేరు, మిరపకాయ లమ్మువారు వేరు, వండిన పులుసులమ్ము స్త్రీలు వేరు. టమాటలలో పెద్దవి, చిన్నవి, పచ్చవి, ఎర్రనివి, పసుపుపచ్చనివి అని వివరముగా భేదములు చెప్పుకొనుచుండిరి. మంచి వర్తకుడు ఇట్టివి అమ్మును, చెడ్డ వర్తకుడు నలిగినవి, కుళ్ళినవి, తిన్నచో కడుపు చెరుచునవి అంటగట్టును అనియు వారు చెప్పిరి. అంగడి యే దేశమందైనను అంగడియే!

వారి ఆచారములలో ఒకటి వినిన తమకు ఆశ్చర్యము కలుగకపోదు. అజ్టెక్ జనులు ఉపవాసము పట్టినప్పుడు ముఖ్యముగా విడుచునవి రెండు: ఉప్పు, మిరప. మనము పౌరుషము గలవానిని ఉప్పు కారము తినువాడనుచున్నాము. వారును ఉప్పు కారములనే లోకభోగమునకు గురుతుగా నెంచి, వ్రతదినములందు వానినే విడిచిరి. సముద్రము లడ్డముండి, ఒకరి నొకరు ఎరుగని రెండు జాతులు ఇట్లు ఒకే తీరున తలచుట చూడగా మనుష్యస్వభావము ఒక్కటే యని తోచుచున్నది.

మరియొకటి. 1541 ప్రాంతమున మెక్సికోలో తయారైన మెండోసా గ్రంథమని పేరొందిన చిత్రలిపి పుస్తకము కలదు. ఏ సీమవారు చక్రవర్తికి ఎంత కప్పము చెల్లించవలెనో అందు బొమ్మలు గీయబడినవి. బంగారము, ఈకలు, వస్త్రములతోపాటు ఎండుమిరప బస్తాలును ఆ కప్పములో గలవు. ఆ పుస్తకముననే, మాట వినని పదునొకండేండ్ల పిల్లవానిని తండ్రి మిరపకాయల పొగకు పట్టుచున్నట్లు ఒక బొమ్మ గలదు! మన పల్లెలలోను అల్లరి పిల్లలను మిరపపొగ పేరు చెప్పి బెదరించిన పెద్దలుండిరి. ఆ శిక్ష యెచ్చట పుట్టినదో వారెరుగరు, మనమును నిన్నటివరకు ఎరుగము.

1520లో మశూచి వ్యాధి మెక్సికోలో ప్రవేశించెను. ఆ జనులు ఎన్నడును ఎరుగని వ్యాధి అది. మరుసటియేట, 1521 ఆగస్టు 13వ తేదీన టెనోచ్‌టిట్లాన్ పతనమయ్యెను. దేవాలయములు కూలినవి. పుస్తకములు కాలినవి. 1545లోను, మరల 1576లోను మహామారులు వచ్చి లక్షలకొలది జనులను హరించినవి. ఊళ్ళకు ఊళ్ళు పాడుపడినవి.

ఇంతటి వినాశమునందును వంటయింటి రోలు మాత్రము ఆగలేదు. జయించిన స్పానిష్‌వారికి సయితము వండిపెట్టినది ఆ దేశపు స్త్రీలే. ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, నూనె, పందికొవ్వు స్పానిష్‌వారు తెచ్చినవి. నేను మొదట చెప్పిన కూరలో ఇవి చేరియున్నవి గదా. టమాట, మిరప, రోలు, పెనముమీద కాల్చుట, ఇవి మాత్రము పాతవి. కాచిన నూనెలో పోసి వేయించుట క్రొత్తది. ఒక్క మూకుటిలో రెండు ఖండముల చరిత్ర యుడుకుచున్నది.

ఇప్పుడు నేను తమకు ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చితిని. పుస్తకములు కాలిపోయిన తరువాత, ఆ టమాట వర్తకుని మాటయు, ఉపవాసపు మాటయు మనకెట్లు తెలిసినవి?

సహగూన్ అను స్పానిష్ సన్న్యాసి 1529లో మెక్సికో చేరెను. ఆయన వచ్చినది తన మతమును బోధించుటకే. కాని జనుల భాష నేర్చి, వారి జీవితమునంతయు వ్రాసియుంచవలెనని పూనుకొనెను. 1558 తరువాత టెపెపుల్కో అను ఊరికి పోయి, ఆ ఊరి పెద్దలను సమావేశపరచి, విషయములు తెలిసిన వృద్ధులను చూపుమని వేడెను. వారు పదిమందినో పండ్రెండుమందినో చూపిరి. సుమారు రెండేండ్లు ఆ వృద్ధులు సహగూన్ వేసిన ప్రశ్నలకు ఉత్తరము లిచ్చిరి. తమ పూర్వపద్ధతిని బొమ్మలు గీసి చూపిరి. చదువుకొన్న స్థానిక యువకులు ఆ బొమ్మల క్రింద నహువాట్ల్ భాషలో వివరములు వ్రాసిరి. ఆంటోనియో వాలెరియానో మొదలగు ఆ విద్వాంసుల పేర్లను సహగూన్ కృతజ్ఞతతో పేర్కొనెను. పిమ్మట ట్లటెలోల్కోలోను ఆ పనియే సాగెను. 1576 నాటి మహామారి చుట్టును ప్రబలి, తోడివారు రాలిపోవుచుండగా కూడ లేఖకులు, చిత్రకారులు కలము విడువలేదు. 1577 నాటికి పండ్రెండు భాగముల మహాగ్రంథము, 2,000కు మించిన బొమ్మలతో సిద్ధమయ్యెను.

ఆ యేడే స్పెయిన్ రాజు ఆ గ్రంథమును స్వాధీనము చేసికొనుమని ఆజ్ఞాపించెను. పూర్వాచారములను గూర్చిన వ్రాతలు జనులలో నుండరాదని ఆయన తలంపు. గ్రంథము సముద్రము దాటి తుదకు ఇటలీలోని ఫ్లారెన్సు నగరపు గ్రంథాలయము చేరెను. నేటికిని అచ్చటనే యున్నది. ప్రభువులు తిను భోజనముల పట్టికలో, ఎర్రమిరప, టమాట, నూరిన గుమ్మడిగింజలు చేర్చి వండిన సీమకోడి కూర యుండెనని అందు చదువుచున్నాము. ఆ వాక్యము మనకు దక్కుటకు కారణము ఒక రాజు కాదు. ఒక ఊరి అరుగుమీద కూర్చుండి, అడిగినవానికి విసుగుకొనక చెప్పిన కొందరు ముసలివారు.

ఇక ఆ కాయలు మన దేశమునకు వచ్చిన తీరు. 1492లో కొలంబసు మిరియములు గల హిందూదేశమునకు దారి వెదకుచు పోయి అమెరికా దీవులలో దిగెను. అచ్చట మిరపకాయ చూచి, ఇది మిరియముల కంటె మేలైన మిరియమని భ్రమించెను. అందువలననే స్పానిష్ భాషలో మిరపకు మిరియపు పేరే పడినది. 1498లో వాస్కో డ గామా నిజముగా మిరియముల దేశమైన కేరళ తీరము చేరెను. 1510లో గోవా పోర్చుగీసువారి వశమయ్యెను. 16వ శతాబ్దమున వారి ఓడలలో మిరప మన పశ్చిమతీరమున దిగి, అతిశీఘ్రముగా లోదేశమంతట ప్రాకెను. చిత్రమేమనగా, మనవారును కొలంబసువలెనే చేసిరి. ఆ క్రొత్తకాయకు మిరియము పేరునుండియే మిరపకాయ యని పేరు పెట్టిరి!

కనుక 15వ శతాబ్దమున గతించిన శ్రీనాథ మహాకవి మిరపకాయ యెరుగడు. కాకతీయ చక్రవర్తులెరుగరు. రెడ్డిరాజుల వంటశాలలలో కారమనిన మిరియమే, పిప్పలియే, అల్లమే. నేడు ఆవకాయ లేని ఆంధ్రుని ఊహింపజాలము. గుంటూరు సన్నము జగత్ప్రసిద్ధము. అయినను ఆ ఎరుపు మనకు వచ్చి ఐదు వందల యేండ్లే యైనది. మిరియము వాన మెండుగా గల కొండలలోనే పండును, ధనవంతులే కొనగలిగెడివారు. మిరప పేదవాని పెరటిలో పండును. పేదవానికి గంజిలో నంచుకొనుటకు రుచి దొరకినది. ఇంత త్వరగా అది వ్యాపించుటకు ముఖ్యకారణము ఇదియే.

టమాట మాత్రము తడవు చేసెను. 1548లో అది ఇటలీలోని టస్కనీ ప్రభువు ఇంటికి వచ్చినట్లు వ్రాత గలదు. కాని అది ఉమ్మెత్త మొదలగు విషపు మొక్కల కుటుంబమునకు చెందినదని చాలకాలము ఐరోపావారు జంకిరి. 1690 దశకమున నేపుల్సు నగరమున ఆంటోనియో లాటిని అను వంటపెద్ద ప్రకటించిన పుస్తకమున టమాట పచ్చడి యొకటి కలదు. టమాటలను నిప్పులమీద కాల్చి, తోలు తీసి, ఉల్లి, మిరప చేర్చి చేయవలెనట. దానికాయన పెట్టిన పేరు స్పానిష్ పద్ధతి పచ్చడి. మెక్సికో స్త్రీల పెనముమీది పని స్పెయిన్ పేరుతో ఇటలీ చేరినది. పేరు మారెను, పని మారలేదు.

మన తెలుగు సీమలో టమాట విరివిగా పండినది ఆంగ్లేయుల కాలము తరువాతనే యనవచ్చును. మన పూర్వులు కొందరు దానిని రామములక యని పిలిచిరి. నేలములక యను ముండ్లమొక్కయు వంగజాతిదే, టమాటయు వంగజాతిదే. వృక్షశాస్త్రము చదువని మన రైతులు ఆకును, పూవును చూచి కుటుంబము గుర్తించిరి! నేడు మదనపల్లె టమాట అంగడి దేశమందెల్ల పేరుగాంచినది. ధర పడిపోయిన యేడు రైతు పండును రోడ్డుపై పారబోసి ఇంటికి పోవుటయు మనము చూచుచునే యున్నాము.

మనము పుచ్చుకొనుటయే కాదు, ఇచ్చితిమి కూడ. 1565 మొదలు 1815 వరకు ఫిలిప్పైన్సు దీవులలోని మనీలానుండి మెక్సికోకు స్పానిష్ ఓడలు నడిచినవి. మన ఖండపు మామిడి ఆ మార్గముననే మెక్సికో చేరినది. చింతపండును నేడు వారు పానకముగా త్రాగుదురు. మన చింత అటు పోగా, వారి చెట్టు ఇటు వచ్చి సీమచింత యైనది. మన గుమ్మములకు తోరణము కట్టు బంతిపూవు, బతుకమ్మలో పేర్చు బంతిపూవు మెక్సికోలో పుట్టినదే. అచ్చటివారు దానితో తమ పితరుల సమాధుల నలంకరింతురు. ఎవరిది ఏది యని గీటు గీయుట ఎంత కష్టమో చూడుడు.

2010లో ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థ మెక్సికోవారి సంప్రదాయపు వంటను మానవజాతి వారసత్వసంపదగా గుర్తించినది. నాలుగు వందల యేబది యేండ్లకు పూర్వము ఆ వృద్ధులు చెప్పి వ్రాయించిన సంగతులు ఆ వంట ఎంత పురాతనమైనదో తెలుపు గొప్ప సాక్ష్యము.

పెద్దలారా, నా మనసున ఒక ముల్లు కలదు. మా నాయనమ్మ ఆనాడు నాకొక్క వాక్యము చెప్పినది. నేను రెండవ ప్రశ్న వేయలేదు. ఆమె చిన్ననాట ఏయే మిరపజాతులుండెనో, ఏ గింజ ఏ కార్తెలో చల్లెడివారో, కరవు యేట ఏ ఆకు వండుకొనిరో, మిరియముతో మాత్రమే చేయు వంటలు ఎన్ని యెరుగునో, నేను అడుగలేదు. చరిత్ర చెప్పి జీతము తీసికొన్న నేను, మా యింటి పుస్తకమును తెరువకయే కాలిపోనిచ్చితిని. దేశమునేలిన రాజెవ్వడును దానిని కాల్పలేదు. నా అశ్రద్ధయే కాల్చినది.

కావున తమకు నా విన్నపము ఒక్కటి. తమకు చదువు వచ్చును, జ్ఞాపకమును కలదు. సహగూన్ వచ్చి అడుగువరకు వేచియుండవలదు. నాలుగు ఠావుల కాగితము తీసికొని, తమ ఊరి పంటల పేర్లు, పాతగింజల పేర్లు, అవి యెప్పుడు మాయమైనవో, తద్దినమునాడు తమ యింట ఏది వండుదురో, ఏది వండరో వ్రాసి, మనుమని చేతికో మనుమరాలి చేతికో ఇయ్యుడు. ఇంటి ఆడవారిని అడిగి వ్రాయుడు. వారికి తెలిసినంత మనకు తెలియదు. చిన్న విషయమని తలపవలదు. టమాటలలో ఎన్ని రకములో చెప్పిన మెక్సికో ముసలివాడును అది చిన్న విషయమనియే తలచియుండును.

ఇక ఒకనాటి సాయంకాలము ఆరు టమాటలు పెనముమీద కాల్చి చూడుడు. తోలు చిట్లి వాసన వచ్చునప్పుడు, ఆ వాసనను మొదట ఎరిగిన పేరులేని రైతులను, రోలు విడువని స్త్రీలను ఒక్కమారు తలచుకొనుడు. ఆ రాత్రి మా యింట ఆ కూర తినుచు నేను మా నాయనమ్మను తలచుకొంటిని.